ఆరుగంటల క్లాసు

బస్సు చిలకలగూడ చౌరస్తాలో ఆగేసరికి సన్నగా వాన మొదలైంది. హిమజ కొంగు తలమీదికి లాక్కుని, పుస్తకాల సంచీని గుండెకు హత్తుకుని, కాలేజీ వైపు గబగబా నడిచింది. పొద్దుటి నుంచి రెండు ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పి గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడానికి కూడా వీలు చిక్కలేదు. ఎంత అలసిపోయినా ఆరుగంటల క్లాసుకు మాత్రం ఆలస్యంగా వెళ్లడం ఆమెకు ఇష్టముండదు. అక్కడ కూర్చునేవాళ్లు తనకంటే అలసిపోయి వస్తారు.

గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే ఆమె నిలబడిపోయింది. బెంచీలన్నీ ఆవరణలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాన వాటిమీదే పడుతోంది. మూడో నెంబరు గది నల్లబల్లను ఊడబీకి గోడకు ఆనించారు. నిన్న ఆమె రాసిన అక్షరాలు కరిగి తెల్లటి చారలై కిందికి దిగుతున్నాయి. లోపల ప్లైవుడ్ కోస్తున్న చప్పుడు, దుమ్ము. ఎవరో నిచ్చెన ఎక్కి కప్పు కింద తీగలు లాగుతున్నారు.

"జూడుండ్రి మేడమ్!" అంటూ యెషయా ఎదురొచ్చాడు. అతను మౌలాలి లోకోషెడ్డులో ఇంజన్ల పని చేసే ఖలాసీ. షిఫ్టు దిగి, చేతుల గ్రీజు కిరోసిన్‌తో కడుక్కుని, సైకిలు మీద నేరుగా కాలేజీకి వస్తాడు. బి.ఏ. రెండో సంవత్సరం. "గిదేంది? మనం రాకముందే మన బెంచీలు బయటేసిన్రు. అడిగితే రెనోవేషన్ అంటున్నరు. ప్రిన్సిపాల్ సార్ లేడు, ఫోన్ చేస్తే ఎత్తుతలేడు."

అప్పలకొండమ్మ తన చీర కొంగుతో ఒక బెంచీని తుడుస్తోంది. ఆమె తుడిచినంత మేరా మళ్లీ తడుస్తూనే ఉంది. ఆమెది విజయనగరం వైపు. గ్యాంగ్‌మన్‌గా పనిచేసే భర్త పోయాక రైల్వే ఆస్పత్రిలో ఆయా పని ఇచ్చారు. ఆ పని చేస్తూనే పది కట్టింది, ఇంటర్ కట్టింది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. డిగ్రీ చేతికొస్తే డిపార్ట్‌మెంటు పరీక్ష రాసి, వార్డులో పడకలు మార్చే పని నుంచి ఆఫీసులో కుర్చీలోకి వెళ్లాలని ఆమె ఆశ.

"ఏటమ్మా ఇది? మన గది మనకి నేదా?" అంది హిమజను చూసి.

తక్కిన వాళ్లు కూడా చుట్టూ మూగారు. దర్జీ పనివాళ్లు, బట్టల షాపుల్లో సేల్స్‌గర్ల్స్, ఒక లిఫ్ట్ ఆపరేటరు, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే సార్టరు. అందరి కళ్లూ ఆమె మీదే.

"పరేషాన్ కాకుండ్రి. ఇయ్యాల వరండల కూసుందాం. రేపు పొద్దున నేను సార్‌తోని మాట్లాడుత."

ఏ సారని ఎవరూ అడగలేదు. ఆ కాలేజీలో సార్ అంటే ప్రొఫెసర్ రామ్మోహనరావే.

కాలేజీ నడిచే ఆ మేడను పూర్వం ఒక పత్తి వ్యాపారి కట్టుకున్నాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో రైల్వే వర్క్‌షాపు వాళ్లూ, మిల్లు కార్మికులూ, పోస్టాఫీసు గుమాస్తాలూ కలిసి యూనివర్సిటీ వైస్‌ఛాన్సలర్ బంగళా ముందు రోజుల తరబడి కూర్చున్నారట. 'మేం పగలు మీ దగ్గరికి రాలేం. సాయంత్రం మీరే మా దగ్గరికి రావాలె' అన్నది వాళ్ల కోరిక. యూనివర్సిటీ ఈ మేడను కొని సాయంకాలం కాలేజీ తెరిచింది. పెద్ద క్యాంపస్‌లో రాతి కట్టడాలు, తోటలు, గోపురాలు ఉంటే, ఇక్కడ నాలుగు గదులు, ఒక చెక్క మెట్లదారి, కిటికీల్లోంచి స్టేషను యార్డు కూతలు. అయినా రెండింటి డిగ్రీ కాగితం మీదా ఒకటే ముద్ర.

రామ్మోహనరావు ఆ కాలేజీలోనే చదివాడు. పగలు పార్సిల్ ఆఫీసులో మూటలకు చీటీలు అంటించి, సాయంత్రం చరిత్ర పాఠాలు విన్నాడు. ఒకసారి పొదుపు పేరు చెప్పి కాలేజీని మూసేయబోతే నిరాహార దీక్ష చేసి ఆపించాడు. తర్వాత పెద్ద క్యాంపస్‌లో లెక్చరరయ్యాడు, రీడరయ్యాడు, ప్రొఫెసరయ్యాడు, ఇప్పుడు డీన్. అయినా వారానికొకసారి ఇక్కడికొచ్చి క్లాసు తీసుకోవడం చాలాకాలం మానలేదు.

హిమజ అలాంటి ఒక క్లాసులోనే ఆయనకు దొరికింది. పద్మారావు నగర్‌లో ఆమె తండ్రి భద్రయ్య దర్జీ దుకాణం. అక్కడ పగలంతా జాకెట్లకు హుక్కులు కుట్టి సాయంత్రం కాలేజీకి వచ్చే పిల్ల అడిగిన ప్రశ్నలకు ఆయన ముచ్చటపడ్డాడు. ఎం.ఏ.కు పెద్ద క్యాంపస్‌కు తీసుకెళ్లాడు. దర్జీల చరిత్ర మీద ఆమె చేసిన పిహెచ్.డి.కి తనే గైడుగా నిలిచాడు. వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు "దర్జీల మీద చరిత్ర ఏమిటమ్మా?" అని వెక్కిరించబోతే, "మీ ఒంటిమీద చొక్కా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం చరిత్ర కాదా సార్?" అని రామ్మోహనరావు అతని నోరు మూయించాడు. ఆ మాట భద్రయ్య ఇప్పటికీ దుకాణానికి వచ్చినవాళ్లకు చెప్పుకుంటాడు. హిమజకు పక్కా ఉద్యోగం రాలేదు. చరిత్రలో పోస్టులు నింపడం మానేసి ఏళ్లయింది. గంటల లెక్కన పార్ట్‌టైమ్ పని చేస్తోంది. అయినా సార్ ఉన్నాడు, ఏదో ఒకనాడు ఆయనే చూస్తాడు అన్న ధైర్యం ఆ ఇంట్లో అందరికీ ఉండేది.

మర్నాడు పొద్దున్నే వెస్ట్ మారేడ్‌పల్లిలో ఆయన ఇంటికి వెళ్లింది. రామ్మోహనరావు పేపరు మడిచి పక్కన పెట్టి, లోపలికి కాఫీ కేకేశాడు.

"బిల్డింగ్ సంగతేగా? నేనే నీకు కబురు పంపుదామనుకుంటున్నా. ఆ పైకప్పు ఎప్పుడు కూలుతుందో ఎవరికీ తెలీదమ్మా. ఎన్నేళ్లుగానో అడుగుతుంటే ఇప్పటికి ఫండ్స్ వచ్చాయి. ఒక్క టర్మ్ ఓపిక పట్టండి. సీతాఫల్‌మండిలో మున్సిపల్ స్కూలు మాట్లాడాను. దసరా సెలవుల తర్వాత మన గదులు మనకే."

"కంప్యూటర్లకు తీగలేస్తున్నరు సార్."

"పగలు కంప్యూటర్ కోర్సు నడుస్తుంది, సాయంత్రం మనది. అయినా మన పిల్లలకు మాత్రం కంప్యూటర్ వద్దా చెప్పు?"

హిమజ మనసు కొంత తేలికపడింది. "యెషయా రైల్వే యూనియనోళ్లను తీస్కొచ్చి ధర్న చేస్తనంటున్నడు సార్."

రామ్మోహనరావు కాఫీ కప్పు కింద పెట్టాడు. "అదొక్కటీ జరక్కూడదు. యూనివర్సిటీ కౌన్సిల్లో ఈ కాలేజీ మూసెయ్యాలని కాచుక్కూర్చున్నవాళ్లు ఉన్నారు. గొడవ జరిగిందంటే వాళ్ల చేతికి మనమే కత్తి ఇచ్చినట్టు. నువ్వు నచ్చజెప్పు హిమజా. నువ్వు చెబితే వింటారు."

"మళ్ల మనకే ఇస్తరు గద సార్?"

"నేను చదువుకున్న కాలేజీ తల్లీ అది" అన్నాడాయన.

అంతకంటే అడగడానికి ఆమెకు ఏమీ కనిపించలేదు.

ఆ సాయంత్రం వరండాలో నిలబడి ఆమె అందరికీ నచ్చజెప్పింది. పైకప్పు సంగతి చెప్పింది, దసరా సంగతి చెప్పింది, కౌన్సిల్లో శత్రువుల సంగతి చెప్పింది. సార్ చెప్పిన మాటలే అయినా ఆమె నోట అవి మరింత నమ్మకంగా వినిపించాయి. ఎందుకంటే ఆమె వాటిని నమ్మింది.

యెషయా గోళ్లలో మిగిలిన గ్రీజు గీక్కుంటూ విన్నాడు. "యూనియనోళ్లు రేపటికి తయారున్నరు మేడమ్. ఒకసారి మనం బయటికి పోయినంక మళ్ల లోపలికి రానిస్తరని నాకు నమ్మకం లేదు. సార్ చెప్పిండని గాదు, మీరు చెప్తున్నరని ఒప్పుకుంటున్న. వాళ్లకేం జవాబు చెప్పుకోవాల్నో నేను జూస్కుంట."

ఎవరూ బలవంతపెట్టలేదు. వాళ్లే గ్రంథాలయం బీరువాలను చెక్క మెట్ల మీదుగా ఒక్కొక్కటే దించారు. అప్పలకొండమ్మ పుస్తకాల కట్టలు నెత్తిన పెట్టుకుని లారీ దాకా మోసింది. పోతూ పోతూ పోస్టాఫీసు సార్టరు మూడో నెంబరు గది తలుపు నెమ్మదిగా దగ్గరికి వేశాడు.

మున్సిపల్ స్కూలు చిన్నపిల్లలది. గోడల మీద అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. మోకాళ్లు గడ్డానికి తగిలే బెంచీలు. గదంతటికీ కలిపి ఒకటే ట్యూబులైటు, అదీ ఆగి ఆగి వెలిగేది. అయినా మొదటి రోజుల్లో క్లాసులు బాగానే జరిగాయి. ఒకనాడు విశ్వవిద్యాలయాలు ఎలా పుట్టాయో చెబుతూ హిమజ పెద్ద క్యాంపస్ కట్టిన రోజులదాకా వచ్చింది. ఏ రాయి ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ దేశపు నమూనాలు చూసి గీశారో చెబుతుంటే యెషయా చెయ్యెత్తాడు.

"ఆ రాళ్లు మా తాత మోసిండు మేడమ్. కట్టుడు అయినంక లోపలికి రానియ్యలేదంట. గేటు కాడ కూసొని జూసిండంట. మా ఇంట్ల డిగ్రీ పట్టుకుంటే నేనే ఫస్టు."

ఆ మాటతో పాఠం పక్కకు పోయి, ఎవరి ఇంటి కథ వాళ్లు చెప్పుకున్నారు. ట్యూబులైటు ఆరినా ఎవరూ లేవలేదు. ఇంటికొచ్చాక హిమజ తండ్రితో, "ఇయ్యాల నిజమైన క్లాస్ జరిగింది నాయినా" అంది.

దసరా వెళ్లింది. సార్‌ను అడిగితే టెండరు ఆలస్యమన్నాడు. దీపావళి వెళ్లింది. ప్రిన్సిపాల్‌ను పెద్ద క్యాంపస్‌కు మార్చారు, ఆయన చోటికి ఎవరూ రాలేదు. ఆ ఏడు కొత్తగా చేరదామని వచ్చినవాళ్లను ముందే ఏదో సాకు చెప్పి తిప్పి పంపేశారన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. ఊరు ఊరంతా కంప్యూటర్ పిచ్చిలో ఉంది. అమీర్‌పేటలో మేడ మేడకూ బోర్డులు, గోడల నిండా జావా, ఒరాకిల్. హిమజ పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీల్లో ఒకటి చరిత్ర తీసేసింది. "మీరేమీ అనుకోవద్దు మేడమ్, పేరెంట్స్ అడగడం లేదు" అన్నాడు యజమాని. స్కూల్లో సాయంత్రం బెంచీలు ఒకటొకటే ఖాళీ అవుతూ వచ్చాయి.

జనవరిలో ఒక సాయంత్రం హిమజ దుకాణంలోకి వెళ్లేసరికి భద్రయ్య ఖరీదైన బూడిదరంగు గుడ్డ బల్లమీద పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"సార్ సూటు బిడ్డా! నా చేతుల మీదనే కావాలన్నడు. షోరూంల ఇయ్యొచ్చు గదా, ఇయ్యలె. కొత్త కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరైండంట గదా. వచ్చే వారం ఓపెనింగ్. మంత్రిగారొస్తున్నరంట."

"యాడ నాయినా ఇన్‌స్టిట్యూటు?"

"గదేంది, మీ కాలేజీలనే గదా!" భద్రయ్య తలెత్తి చూశాడు. కూతురి మొహంలో రంగు మారడం చూసి సుద్ద కింద పెట్టాడు. "నీకు చెప్పలేదా బిడ్డా?"

మర్నాడు ఆమె పెద్ద క్యాంపస్‌కు వెళ్లి రాఘవేందర్‌ను పట్టుకుంది. అతను ఆమెతో కలిసి ఎం.ఏ. చదివాడు, పోస్టులు ఆగిపోకముందే చేరి ఇప్పుడు అదే విభాగంలో లెక్చరర్. కారిడార్‌లో ఒక స్తంభం చాటుకు తీసుకెళ్లి అడిగింది.

"సాయంకాలం కాలేజీ బందయింది గద హిమజా. వానకాలంకు ముందే కౌన్సిల్ల పాసయింది" అన్నాడతను. "ఉన్నోళ్లు ఈ ఎండకాలం పరీక్షలు రాసేదాక సాగదీస్తరు, తర్వాత మిగిలినోళ్లను డిస్టెన్స్ ఎడ్యుకేషన్‌ల కలుపుతరు. ప్రపోజల్ పెట్టిందే మన సార్." అతను కారిడార్ అటూ ఇటూ చూశాడు. "నీకు నిజంగ తెల్వదా? స్టూడెంట్స్‌ను గొడవ లేకుండ నువ్వే తరలించినవని విన్నం. అందరం నీకు తెలుసనే అనుకున్నం."

వానాకాలానికి ముందే. అంటే కాఫీ తాగుతూ 'నేను చదువుకున్న కాలేజీ తల్లీ' అన్నప్పటికే అంతా అయిపోయింది. 

అక్కడి నుంచి నేరుగా పాత మేడకు వెళ్లింది. గోడలకు లేత నీలం రంగు, నేలకు మెరిసే రాయి. మూడో నెంబరు గదికి అద్దాల తలుపు పెట్టారు. లోపల చల్లగా ఉంది. గుండ్రటి బల్ల వెనక రామ్మోహనరావు కూర్చుని ఉన్నాడు.

"రా, రా. సమయానికి వచ్చావు" అన్నాడు.

హిమజ కూర్చోలేదు. "కాలేజీ బంద్ చెయ్యమన్నది మీరేనా సార్?"

ఆయన కాదంటాడని ఆమె దారి పొడవునా ఆశపడుతూనే వచ్చింది. రాఘవేందర్‌కు సరిగా తెలియదని, కౌన్సిల్లో ఇంకెవరో చేశారని, ఏదో ఒకటి చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉంది.

"ఎవరో ఒకరు అనాలిగా" అన్నాడాయన. "నేను ప్రపోజల్ పెట్టాను కాబట్టే భవనం యూనివర్సిటీ చేతిలో మిగిలింది. లేకపోతే ఈపాటికి ఎవడో లీజుకు తీసుకుని షాపింగ్ కాంప్లెక్స్ కట్టేవాడు. ప్రభుత్వం డబ్బులివ్వడం మానేసింది. మీ సంపాదన మీరే చూసుకోండంటోంది. ఈ కోర్సుకు ఏడాదికి ముప్పై వేలు కట్టడానికి పిల్లలు క్యూలో నిలబడుతున్నారు. బి.ఏ. హిస్టరీకి ఎవరొస్తున్నారమ్మా?"

"వచ్చినోళ్లను వాపస్ పంపిన్రు గద సార్."

ఆయన బల్లమీది కాగితాలు ఒక పక్కకు సర్దాడు.

"నాకెందుకు అబద్ధం చెప్పిన్రు?" అంది. 

రామ్మోహనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది. "నేనెళ్లి చెబితే ఆ యెషయా ఊరుకునేవాడా? మర్నాడే గేటు ముందు టెంటు వేసేవాడు. ఆ వయసులో నేనూ అదే చేశాను. నువ్వు చెబితే కదలకుండా వింటారని నాకు తెలుసు. నీకు నిజం తెలిసుంటే నువ్వు చెప్పలేకపోయేదానివి. చాలా నెమ్మదిగా, చాలా బాగా చేశావు హిమజా. కౌన్సిల్లో కూడా అదే చెప్పాను."

మెచ్చుకుంటున్నాడు. ఇన్నేళ్లు ఆమె పడిగాపులు పడ్డది ఈ నోటి మెచ్చుకోలు కోసమే. అది ఇవాళ ఇలా వచ్చింది.

"నిన్ను మర్చిపోయానని అనుకోకు. ఇక్కడ కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పడానికి ఒకరు కావాలి. నెలజీతం, గంటల లెక్క ఉండదు. ప్రారంభోత్సవం రోజు మైకు దగ్గర నువ్వే ఉండాలి. ఈ కాలేజీ చరిత్ర నీకంటే చక్కగా ఎవరు చెప్పగలరు? ఆ నిరాహార దీక్ష సంగతులవీ చెప్పు, మంత్రిగారికి నచ్చుతాయి."

హిమజ అద్దాల తలుపు తోసుకుని బయటికి వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, తనకు తెలియకుండానే నెలజీతం గురించి ఆలోచించింది. నాయిన కళ్లు మసకబారుతున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి పక్క దుకాణం పిల్లవాణ్ని పిలుస్తున్నాడు. రోజంతా బస్సులు మారుతూ అరవాల్సిన పని ఉండదు. ఆ ఆలోచన ఎంతసేపు నడిచిందో గమనించాక ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది. తర్వాతి స్టాపులో దిగి మౌలాలి బస్సు ఎక్కింది.

యెషయా ఇల్లు గుట్ట కింద, రైల్వే క్వార్టర్ల వెనక వరసలో ఉంది. అతను వాకిట్లో సైకిలు చక్రం విప్పి పంక్చరు వేసుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి, ఇంట్లోంచి స్టూలు తెచ్చి వేశాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. అతను చక్రం పట్టుకుని విన్నాడు.

"మీకు ముందుగాల్నే తెల్సా మేడమ్?"

"తెల్వదు యెషయా."

"తెల్వకుంటనే మమ్మల్ని ఒప్పించిన్రా?"

హిమజ అప్పుడు స్టూలు మీద కూర్చుంది.

"నేను యూనియనోళ్ల గదుమ పట్టుకొని బతిమాలి ధర్న ఆపిన. మా మేడమ్ చెప్పిందంటే అది జరుగుతదన్న. గదులు మళ్ల రాకపోయేసరికి షెడ్డుల నన్ను జూస్తే డిగ్రీ సార్ వచ్చిండని నవ్వుతున్నరు. డిస్టెన్స్ అంటే పుస్తకాలు పోస్టుల వస్తయి. పుస్తకమొస్తే ఏం చేస్త? చదివి చెప్పేటోళ్లుంటెనే గద నా అసొంటోడికి సమజయ్యేది."

"నన్ను తిట్టు. తిడితే పడత."

"మిమ్మల్ని తిడితే నాకేమొస్తది?" అతను మళ్లీ కింద కూర్చుని చక్రం తిప్పసాగాడు. "ఎంతైన మీరు ఆళ్లల్లనే చదువుకున్నోళ్లు. ఆళ్ల మాట నమ్ముతరు. మా భయం మీకు భయం లెక్క కనబడది. నేనింక రాను మేడమ్."

లోపలి నుంచి అతని భార్య చాయ్ తెచ్చింది. హిమజ అది తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేసింది. యెషయా తలెత్తలేదు.

మున్సిపల్ స్కూల్లో ఆ సాయంత్రం వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లకూ చెప్పింది. ఒకమ్మాయి ఏడ్చింది. పోస్టాఫీసు సార్టరు పుస్తకం మూసి, "ఇంకేముంది, పోదాం పాండ్రి" అన్నాడు. అప్పలకొండమ్మ మాత్రం ఆ చిన్న బెంచీలో ఇరుక్కుని అలాగే కూర్చుంది.

"మా ఆయన పోయినప్పుడూ ఇలాగే పెద్దపెద్దోలంతా ఒచ్చి మంచి మాటలు సెప్పినారమ్మా" అంది. "నెలలోగా పని ఇస్తామన్నారు. ఆల్ల సుట్టూ రెండేల్లు తిరిగినాను. మంచిగా మాటాడీవోలంటేనే నాకు బయ్యం. మీరూ మంచిగానే మాటాడినారు." ముందున్న పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని, "పోనీయండి, అయిపోయిందేదో అయిపోయింది. క్లాసుందా, నేదా? అది సెప్పండి. ఉంటే నాను డ్యూటీ మార్పించుకోవాల" అంది.

హిమజ ఆమె వైపు చూసింది. చదువు ఇంకా సగంలోనే ఉంది. పరీక్షలు వేసవిలో.

"ఉన్నది" అంది. "ఓపెనింగ్ నాడు ఆరుగంటలకు. మన కాలేజీలనే."

ఇంటికెళ్లి తండ్రితో జరిగినదంతా చెప్పి, సార్ ఇస్తానన్న ఉద్యోగం చెయ్యనంది. భద్రయ్య కుట్టుమిషను చక్రాన్ని చేత్తో ఆపాడు. ఆయనకు కూతురి మీద కోపం రాలేదు, రామ్మోహనరావును ఒక్క మాట అనడానికీ నోరు రాలేదు. తర్వాత రెండు రోజులకు, "సూటు ఇచ్చొచ్చిన. కుట్టుకూలి తీస్కోలే" అన్నాడు.

"ఎందుకు నాయినా?"

"ఏమో బిడ్డా. చెయ్యి చాపబుద్ధి కాలే."

ప్రారంభోత్సవం నాడు ఆవరణంతా షామియానా వేశారు. గేటుకు బంతిపూల తోరణాలు, మెట్లకు ఎర్ర తివాచీ, స్పీకర్లలో సన్నాయి. కొత్త కోర్సులో చేరిన పిల్లలు కొత్త బట్టల్లో ప్లాస్టిక్ కుర్చీల నిండా కూర్చున్నారు. మంత్రి ఇంకా రాలేదు. హిమజతోపాటు అప్పలకొండమ్మ, ఏడ్చిన అమ్మాయి, ఇంకా కొందరు పక్కదారిన మేడ వెనక్కి వెళ్లారు. పాత బెంచీలు అక్కడ గోడవార పారేసి ఉన్నాయి. వానకు, ఎండకు చెక్కలు పగిలిపోయాయి. బాగున్న వాటిని మోసుకొచ్చి, షామియానాకు పక్కగా, అందరికీ కనిపించేచోట వేసుకుని కూర్చున్నారు. నల్లబల్ల దొరకలేదు. పోస్టాఫీసు సార్టరు ఆఖర్న వచ్చాడు. వస్తూనే, "టైమైంది మేడమ్" అన్నాడు.

రామ్మోహనరావు వేదిక దిగి గబగబా వచ్చాడు. బూడిదరంగు సూటు ఆయనకు చక్కగా అమిరింది. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు.

"ఏంటిది హిమజా? అందరూ మైకు దగ్గర నీకోసం చూస్తున్నారు."

"నేను రాను సార్."

ఇన్నేళ్లలో ఆమె ఆయనతో అన్న మొదటి 'రాను' అది. ఆయనకు సరిగా వినిపించనట్టు నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, "పిచ్చిపని చెయ్యకు. వచ్చే నెల నుంచి నీ అపాయింట్‌మెంట్. నేను అందరితో మాట్లాడాను" అన్నాడు.

"అది గూడ వద్దు సార్. మాకు మూడో నెంబరు గది కావాలె. సాయంత్రం ఆరింటికి. మీరిస్తనన్నరు."

"సెక్యూరిటీని పిలవమంటావా?"

"పిలువుండ్రి" అంది హిమజ. చేతిలో పుస్తకం తెరిచింది. అప్పలకొండమ్మ లేచి ఆమె పక్కకు వచ్చి నిలబడింది. కొంగు నడుముకు చుట్టుకుంది. ముందు వరసల్లో కుర్రాళ్లు కొందరు తలలు తిప్పి చూస్తున్నారు. ఒకడు నవ్వాడు. ఒకమ్మాయి కుర్చీ కొంచెం ఇటు జరుపుకుంది. రామ్మోహనరావు వాళ్లనూ, బెంచీలనూ, గేటు బయట ఆగుతున్న కార్లనూ చూశాడు. మెడ దగ్గర కోటు సర్దుకుని కార్ల వైపు వెళ్లిపోయాడు. పోతూ నీలం యూనిఫాం వేసుకున్న ఇద్దరికి ఏదో చెప్పాడు.

హిమజ పాఠం మొదలుపెట్టింది. వైస్‌ఛాన్సలర్ బంగళా ముందు కార్మికులు కూర్చున్న రోజు దగ్గర ఎత్తుకుంది. స్పీకర్లలో సన్నాయి ఆపి ఎవరో స్వాగతం చెప్పడంతో ఆమె మాట సగం మునిగిపోయింది. నీలం యూనిఫాం వాళ్లు కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ ఇటే వస్తున్నారు.

అప్పుడు ఆమె గేటు వైపు చూసింది. తోరణం కింద, కార్ల పక్కన, యెషయా సైకిలు మీద ఉన్నాడు. ఒక కాలు నేలమీద, ఒక కాలు పెడలు మీద. షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు, చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. లోపలికి రావడం లేదు, వెళ్లిపోవడమూ లేదు. కారు డ్రైవరు ఒకడు పక్కకు జరగమని హారన్ కొట్టాడు. అతను జరగలేదు.

హిమజ బొంగురు గొంతును ఇంకొంచెం పెంచింది. బెంచీల మీద వాళ్లకు అంత గట్టిగా చెప్పనవసరం లేదు. గేటు దాకా వినిపించాలి.